కుడి తలుపు

లూడెరిట్జ్ ఊళ్లో గాలికి సెలవు లేదు.
మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి దక్షిణం నుంచి దిగుతుంది.
నమీబు ఇసుకను పిడికిళ్లతో తెచ్చి
ఆరుబయట ఆగిన ప్రతి కారునీ తోముతుంది.
షెడ్డు తలుపు కింద తడిగుడ్డ దోపి
లోపల నేనూ కార్లనే తోముతాను.
అది తీసేది రంగు, నేను పూసేది రంగు మీద రక్ష.
ఇద్దరికీ బత్తెం ఒక్క చోటే.

మా షావుకారు డెట్లెఫ్ నేర్పిన మాట:
"హఫేనీ, ఎవరడిగినా తొమ్మిదేళ్లు అను."
డబ్బా మీదా అలాగే ఉంది.
డబ్బా బొమ్మలో వాన పడుతోంది,
చుక్కలు బానెట్ మీంచి ముత్యాల్లా జారుతున్నాయి.
మాకు ఏడాదికి రెండు వానలు పడితే ఎక్కువ.

గురువారం మాగ్రీటా ఉయిసెస్ వచ్చింది.
రొయ్యల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు తూకాలు రాసిన మనిషి,
ఎవరి మాటైనా తూకం వేసే తీసుకుంటుంది.
కొత్త తెల్ల పికప్. సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా విప్పలేదు.
"ఎనిమిది వేల డాలర్లట. గిట్టుబాటేనా?
తొమ్మిదేళ్ల సంగతి నాకొద్దు.
నీ బండయితే పూయించుకుంటావా?"

నాకు బండి లేదు.
ఆ ముక్క చెప్పి తప్పించుకోవచ్చు.
ఎందుకో, నోట్లో ఇసుక పడ్డట్టు ఆగి
ఉన్నదే చెప్పాను.

అమ్మా, ఇది వెంట్రుక కన్నా పల్చటి గాజు.
నీటికాకి రెట్ట వేస్తే రంగు దాకా దిగనివ్వదు.
పొగమంచు తెచ్చే ఉప్పు తుడిస్తే పోతుంది.
కడగడం సగం పని. మెరుపంటావా, అదీ నిజమే.
కానీ ఆవుస్ నుంచి వచ్చే దారిలో
ఇసుక రోడ్డుకు అడ్డంగా పాకే రోజున
ఇసుకకు దీని పేరు కూడా తెలీదు.
ముందు వైపుకు దళసరి ఫిల్మ్ వేయించు,
దెబ్బలు నీ బండి బదులు అది తింటుంది.
మిగతాదానికి శనివారం శనివారం
రెండు బకెట్ల మంచినీళ్లు, ఒక మెత్తటి గుడ్డ,
ప్రయాణమంటే గాలి లేవకముందే.
కిందకు వంగి ఛాసిస్ చూసుకుంటూ ఉండు, తుప్పు పుట్టేది అక్కడ.
పైన పటారం లోన లొటారం అయిన రోజున కూడా
నేను పూసిన గాజులో నీ ముఖం బాగానే కనిపిస్తుంది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
వెనక్కి వెళ్లి టార్పాలిన్ విప్పింది.

ఒక తలుపు.
వెలిసిన నీలం, పాత పికప్‌ది, నడిపేవాడి వైపుది.
కింది అంచు తడిసిన బిస్కట్టులా రాలుతోంది.
కానీ అద్దం దిగే చోట, జానెడు మేర,
రంగు లేదు, రంగు కింది రంగూ లేదు,
నున్నటి ఇనుము.

"ఇది ఇసుక పని కాదే," అన్నాను.

"మోచెయ్యి," అంది.
"ఎండలేదు, చలిలేదు, ఆనించే నడిపేవాడు.
బండి తుక్కు కింద అమ్మాను. ఇది ఇవ్వలేదు.
కొత్తదాన్ని కడుక్కుంటాలే,
దీని మీద పూయి. ఆ జానెడు మీద."

చెప్పాల్సింది చెప్పాను:
తుప్పు వెనక నుంచి వస్తుంది, ముందు పూస్తే ఆగదు,
నాలుగేళ్లో, అయిదేళ్లో.
"నాకు డెబ్భై ఒకటి," అంది, లెక్కల పుస్తకం మూసినట్టు.

స్పిరిట్‌తో తుడిచాను.
సన్నటి గీతలు బయటపడ్డాయి, చొక్కా గుండీవి కావచ్చు.
రూలు ప్రకారం ముందు పాలిష్ పట్టి అవి తీసేయాలి.
తీయలేదు.
రెండు పూతలు, మధ్యలో గంట విరామం.
ఆ గంటా ఆమె బల్ల మీద కూర్చుని
గాలి రేకుల్ని లాగడం వింది.

సాయంత్రం డెట్లెఫ్ బిల్లు పుస్తకం తిరగేసి
బండి నంబరు గడిలో ఇదేమిట్రా అన్నాడు.
కుడి తలుపు, అని రాసి ఉంది.
పక్కన గ్యారంటీ గడిలో
చాలాసేపు ఏమీ రాయలేకపోయి
చివరికి
తొమ్మిదేళ్లు అనే రాశాను.